పాలేటి వరద, ఆరు సీసాలు

మొన్న ఆదివారం మా ఇంటి ఓనరావిడ నా గది సర్దడానికి సాయం వచ్చింది. మిర్యాలగూడలో మిల్లుల వైపు పోయే దారిలో నేను కిరాయికి ఉంటున్న ఒంటిగది ఇది. ఎంత తుడిచినా సాయంత్రానికి కిటికీ చెక్క మీద ఊక దుమ్ము పేరుకుంటుంది, అందుకని దసరా ముందు ఒకసారి సామానంతా బయట పెట్టించి గోడలకు సున్నం కొట్టించడం ఆవిడ పట్టుదల. కిటికీలో పేర్చిన పుస్తకాలు దించుతూ దించుతూ వాటి వెనక ఉన్న సీసాను తీసి, వెలుతురుకు పట్టి చూసి, "ఇదేందమ్మా, బురదనీళ్లు దాసుకున్నవ్? పారబోస్త తియ్, సీసా మంచిగుంది, నూనె పోసుకోను పనికొస్తది" అంటూ మూత మీద చెయ్యి వేసింది.

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. మిల్లులో బియ్యం తేమ చూసే చిన్న గదిలో రోజంతా యంత్రంతోనే తప్ప మనుషులతో పని ఉండదు, అది నాకు హాయిగానే ఉంటుంది. అలాంటిదాన్ని "వద్దాంటీ, వద్దు" అని అరిచినంత పని చేశాను. ఆవిడ బిత్తరపోయి సీసాను నా చేతిలో పెట్టింది. ఆ కుదుపుకు అడుగున పడుకుని ఉన్న మట్టి లేచి నీళ్లన్నీ ఎర్రగా కలగిపోయాయి. ఆవిడ వెళ్లిపోయాక మంచం మీద కూర్చుని, ఆ నీళ్లు మెల్లగా తేరుకోవడం చూస్తూ ఉండిపోయాను. చదువు అయిపోయిన కొత్తలో ఒక పని దొరికి, ఇక ఇదే నా బతుకు అని నమ్మి, అది కళ్లముందే చేజారిపోవడం చూసినవాళ్లు నా వయసువాళ్లలో చాలామందే ఉంటారు. ఇది వాళ్లకు చెప్పుకోవాలనిపించింది.

సూర్యాపేటలో నేను చదివిన కాలేజీలోనే మాకు పాఠాలు చెప్పిన ఒక మేడం ఉండేవారు. వరద వచ్చినప్పుడు ఏరు ఎంత మట్టిని మోసుకుపోతుందో కొలవాలన్నది ఆమె కోరిక. ఆ మట్టే పోయి చెరువుల్లో, రిజర్వాయర్లలో పూడికవుతుంది, కానీ చిన్న ఏళ్ల దగ్గర దాన్ని కొలిచేవాళ్లు లేరు, కొలిచే పరికరాలేమో మా కాలేజీ కొనగలిగేవి కావు. అందుకని ఆమె తనే ఒకటి చేయించారు. గేట్లూ కిటికీ చువ్వలూ చేసే వెల్డింగు షాపులో ఒక ఇనుప పంజరం, అందులో ఇమిడే పండ్లరసం సీసా, సీసాకు రబ్బరు బిరడా, బిరడాలో రెండు సన్నని గొట్టాలు. ఒక గొట్టంలోంచి నీళ్లు లోపలికి పోతే రెండో దాంట్లోంచి గాలి బయటికి వస్తుంది. నీటి వాలుకు ఎదురుతిరిగి నిలవడానికి వెనక రేకు తోక పెట్టించారు. మునగడానికి పాత ట్రాక్టరు ఇనుము బరువు. బోరు మోటారు దించే తాడుతో దాన్ని వంతెన మీద నుంచి దించాలి. తోక అతికించిన రోజున వెల్డింగాయన దాన్ని చేత్తో ఊపి చూసి "మంచి చేపయింది" అన్నాడు, ఆనాటి నుంచి మేమూ దాన్ని చేప అనే అన్నాం.

చేపను దించడంలో ఒక పద్ధతి ఉంది. ఒకే వేగంతో అడుగు దాకా దించి, అదే వేగంతో పైకి లాగాలి, అప్పుడే పైనీళ్లూ లోతునీళ్లూ సమంగా సీసాలోకి వస్తాయి. పైకి వచ్చేసరికి నీళ్లు సీసా మెడ దాకానే ఉండాలి. అంచు దాకా నిండిందంటే అది పనికిరాదు, నిండిన తరువాత కూడా నీళ్లు లోపల తిరిగి మట్టి లెక్కకు మించి దిగిపోతుంది, దాన్ని పారబోసి మళ్లీ పట్టాలి. మేడం నాకు నేర్పిన మొదటి మాట అదే, నిండుసీసాకు ఆశపడొద్దని. పట్టిన సీసాను కాలేజీకి తెచ్చి, నీళ్లను కాగితంలో వడగట్టి, కాగితాన్ని ఆరబెట్టి తూస్తే ఏరు మోసిన మట్టి ఎంతో తేలుతుంది.

మావి మూడు వంతెనలు. సూర్యాపేట దగ్గర మూసీ మీద ఒకటి, మిర్యాలగూడ దాటాక మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర ఒకటి, కోదాడ దాటాక పాలేటి మీద ఒకటి. బస్సుల్లో తిరుగుతూ, సంచీలో చేపను ఒళ్లో పెట్టుకుని, దాని మీద అట్టకు పేపరు చుట్టిన నవల పెట్టుకుని చదువుకుంటూ పోయేదాన్ని. ఆ ప్రయాణాలంటే ప్రాణం. వంతెన మీద నిలబడడమే నరకం. ముఖానికి చున్నీ కట్టుకున్నా, బండ్లు ఆపి మరీ అడిగేవాళ్లు.

"ఏం పడ్డదక్కా? బొచ్చెనా, కొర్రమీనా?"

"నీళ్లు."

"ఉత్త నీళ్లకు గింత తాడా? మా ఇంటికి రా, బక్కెట నిండా ఇస్తం!"

నవ్వుకుంటూ పోయేవాళ్లు. నేను తల దించుకుని తాడు చుట్టుకునేదాన్ని. రాత్రి డైరీలో మాత్రం వాళ్లకు చెప్పాల్సిన జవాబులన్నీ పేజీలకొద్దీ రాసేదాన్ని.

అసలు కష్టం ఆ ఏడు వానలు పడకపోవడం. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, ఏళ్లలో మోకాలి లోతు తేటనీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆ నీళ్లను వడగడితే కాగితం ఎంత తెల్లగా పోయిందో అంత తెల్లగా తిరిగి వచ్చేది. వరద లేకపోతే కొలవడానికి ఏమీ లేదు. మేడం మొదట్లోనే చెప్పారు, ఈ పనికి ఒక్క వానాకాలమే గడువు, ఒక్క వరదనైనా పట్టి చూపిస్తే పని ముందుకు సాగుతుంది, నాకు ఆమె దగ్గరే పరిశోధన చేసే వీలు కలుగుతుంది, లేకపోతే ఇంతటితో ముగిసినట్టే. ఇంట్లోనేమో మా మేనమామ మిర్యాలగూడలో మిల్లు వాళ్లతో మాట్లాడి నాకు పని చూసిపెట్టాడు, దసరా దాటితే చేరాలి. "వంతెనల మీద నిలబడి ఏం జేస్తది, నీడ పట్టున కూసునే పనాయె" అని అమ్మతో అన్నాడు.

మాది చిలుకూరు వైపు పల్లె, గొర్లు మేపుకునే ఇల్లు. ఆ ఏడు మా నాయిన రోజూ గొర్లను తోలుకుని పచ్చిక కోసం ఎక్కడెక్కడికో పోయి, చీకటి పడ్డాక డొక్కలు అంటుకుపోయిన జీవాలతో తిరిగి వచ్చేవాడు. ఊరంతా వాన కోసం ఆకాశం చూసేది. నేనూ చూసేదాన్ని, కానీ నేను కోరుకునేది వాన కాదు, వరద. గట్లు తెంచి, చేలు కోసి, మట్టిని మోసుకుపోయే వరద. ఆ తేడా నాకు తెలుసు కనుక ఎవరి ముందూ అనేదాన్ని కాదు. పడుకునే ముందు దుప్పటి కప్పుకుని, గొంతు బయటికి రాకుండా, ఒక్కసారి రా తల్లీ అని పాలేటిని వేడుకునేదాన్ని. దసరా దగ్గర పడుతున్నకొద్దీ అన్నం సహించేది కాదు. చదివిన పేజీయే మళ్లీ మళ్లీ చదివేదాన్ని.

వచ్చింది. భాద్రపదం చివర్లో పట్టిన ముసురు విడవకుండా కురిసి, రెండోనాడు పొద్దున్నే పాలేరు వంతెన తాకేటట్టు ఉందని ఎవరో చెప్పారు. నేను ఇంటికి వచ్చి ఉన్నాను, చేపా సీసాలూ నా దగ్గరే ఉన్నాయి. నా ముఖం చూసి నాయిన గొర్లను దొడ్లో వదిలేసి బండి తీశాడు.

అంత నీటిని నేను ఎన్నడూ చూడలేదు. నీరు అనడానికి లేదు, నేలే కరిగి నడుస్తున్నట్టు ఉంది. వేర్లతో సహా తుమ్మచెట్లు, పత్తి మొక్కలు, ఎవరిదో పశువుల కొట్టం కప్పు. చేపను దించితే మునగలేదు, ప్రవాహం దాన్ని ఎండుటాకులా ఎత్తి దూరంగా ఈడ్చుకుపోయింది. మళ్లీ దించాను, మళ్లీ అదే. నెలల తరబడి వేడుకున్న వరద కాళ్ల కింద పోతుంటే ఒక్క సీసా పట్టుకోలేకపోతున్నానని ఏడుపు వచ్చింది. నాయిన దారి పక్కనుంచి రాయి తెచ్చి, గోనెసంచి ముక్కలో కట్టి, చేప కడుపు కింద వేలాడదీశాడు. నా నడుముకు తన గొంగడి చుట్టి రెండు కొసలూ పిడికిట పట్టుకున్నాడు. ఈసారి మునిగింది. తాడు అరచేతులు కోసింది. మొదటి సీసా అంచు దాకా నిండి వచ్చింది, పారబోశాను. ఎర్రగా చిక్కగా ఉన్న ఆ నీళ్లను పారబోస్తుంటే నాయిన "అయ్యో, మంచిగ పడ్డయ్ గద బిడ్డా" అన్నాడు. వేగం పెంచి దించాను. ఈసారి మెడ దాకా.

అలా ఆరు సీసాలు పట్టేసరికి పోలీసాయన ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఏయ్ అమ్మా! సెల్ఫీలకు టైమా ఇది? దిగుండ్రి, దిగుండ్రి!"

"సెల్ఫీ కాదు సార్, మా బిడ్డ సర్కారు కోసం నీళ్లు పడుతుంది," అన్నాడు నాయిన.

"ఇయ్యాల సర్కారుకు నీళ్లు తక్కువైనయా?" అని ఆయన నాయిన భుజం పట్టుకుని నెట్టాడు. నెడుతూనే నా చేతిలో సీసాల సంచీ జారకుండా కింద చెయ్యి వేశాడు.

సూర్యాపేట రోడ్డు అప్పటికే తెగింది. కాలేజీకి పోయే దారి లేదు, ఇంట్లో కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. సీసాలను సంచీతో సహా బియ్యం డ్రమ్ము పక్కన పెట్టి, తడిబట్టలు విప్పి పడుకున్నాను. జ్వరం వచ్చింది. మరునాడు పగలంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను, ఆ నిద్రలో కూడా నాకు సంతోషంగా ఉన్నట్టు గుర్తు.

లేచేసరికి సాయంత్రం. గొంతు ఎండిపోయి ఉంది. నాయనమ్మ పక్కన కూర్చుని నా తల నిమురుతోంది. లేవదీసి, చెంబుతో నీళ్లు నోటికి అందించింది. చల్లగా ఉన్నాయి. కొంచెం వగరు, ఆ వగరు వెనక తీపి. ఆగకుండా తాగేశాను, ఎంత బాగున్నాయి నాయనమ్మా అన్నాను కూడా.

"నువ్వు తెచ్చినయే బిడ్డా. నల్లా బందయ్యె, బాయిల మోరినీళ్లు కలిసె, పొద్దటి సంది ఇంటిల్లిపాది అవే తాగినం. సిల్లగింజ అరగదీసేసిన, గంటల తేటగయినయ్."

నాకు వెంటనే తట్టలేదు. చిల్లగింజ మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. కొత్తనీళ్లు వచ్చే కాలంలో ఆ గింజను రాతి మీద అరగదీసి, ఆ గంధాన్ని కుండలో కలిపితే మట్టి అడుగుకు దిగిపోతుంది, పైన తేటనీళ్లు ఒంపుకుని తాగడమే, గొర్ల వెంట ఊళ్లు తిరిగిన ఆమెకు చిన్ననాటి నుంచీ అదే అలవాటు. అప్పుడు నా చూపు వాకిట్లోకి పోయింది. ప్రహరీ మీద ఆరు సీసాలు బోర్లించి ఉన్నాయి. బూడిదతో తోమి, నేను అంటించిన చీటీల మరక కూడా లేకుండా కడిగి, వరసగా. ముసురు తెరిపిచ్చి ఎండ పొడ పడి తళతళలాడుతున్నాయి.

గోడ అవతలి ఆమెతో పొద్దున్నుంచీ అదే చెబుతోందట. "నల్లా బందయితదని ముందే ఎరుకైనట్టు మా మనవరాలు ఏటికి పోయి సీసాలల్ల నీళ్లు పట్టుకొచ్చింది సూడు. నలుగురు మనుషులం బతికినం." తుఫానులో తండ్రిని వెంటబెట్టుకుని పోయి ఒక ఆడపిల్ల ఏటి నీళ్లు ఇంటికి తెచ్చిందంటే, తాగడానికి కాక ఇంకెందుకు తెస్తుంది? ఆమెకు మరో కారణం తోచే వీలే లేదు.

"అడుగు మట్టి ఏం జేసినవ్ నాయనమ్మా?" అన్నాను.

"సొరపాదుకు పోసిన. మంచి ఒండ్రు, ఎందుకు పారేస్తం?"

జ్వరం ఒంటితోనే పెరట్లోకి పోయి సొరపాదు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. వాన నానిన పెరట్లో ఏ మట్టి పాలేటిదో, ఏది మాదో ఎవరు చెప్పగలరు. అయినా చేతులతో తోడాను. ఎర్రగా కనిపించిన ప్రతి పెళ్లనూ దోసిట్లోకి తీసి, వేళ్ల మధ్య నలిపి, పక్కన పెట్టి, మళ్లీ తోడి. వడగట్టిన కాగితాలు, తక్కెడ, మేడం గదిలో నా కోసం ఖాళీ చేసిన బల్ల, మూడు వంతెనలు, బస్సులో కిటికీ సీటు, అన్నీ ఆ పాదులో ఇంకిపోయాయి.

నాయనమ్మ వెనకే వచ్చింది. "ఏం పడిపోయిందే? చెవి కమ్మనా?"

"మట్టి."

"మట్టి ఎతుకుడేందే, పిచ్చిదానా? అడుగేస్తే మట్టే గద."

అప్పుడు చెప్పాను. నాకు కావలసింది నీళ్లు కాదని, ఆ అడుగున దిగిన మట్టేనని, దాన్ని తూచాలని, అది లేకపోతే నన్ను మిల్లులో పెడతారని. ఏడుస్తూ చెప్పాను, ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. నా చేతులు కడిగి, లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టింది.

తెల్లవారి లేచేసరికి బియ్యం డ్రమ్ము పక్కన నా సంచీ ఎప్పటిలా ఉంది. అందులో ఆరు సీసాలు, ఆరింటిలోనూ ఎర్రనీళ్లు. నాయనమ్మ చీరకు మోకాళ్ల దాకా బురద. పొద్దున్నే లేచి, సొరపాదు కింది మన్ను తీసి, బిందెలో కలిపి, గుడ్డలో రాళ్లు వేరుచేసి మరీ నింపింది.

"ఇగో, ఎట్లున్నయో గట్లనే చేసిన. అదే మన్ను. ఒక్క సుక్క వెలితి లేకుంట పోసిన బిడ్డా, నువ్వు తెచ్చినప్పుడు జర తక్కువున్నయ్."

అంచు దాకా ఉన్నాయి. మూత తిప్పితే ఒలికేంత.

నీళ్లు తగ్గి రోడ్డు తెరిచాక ఆ సంచీని నా భుజానికి ఆమే తగిలించింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. అందుకే వాటిని దారిలో పారబోయలేకపోయాను. కాలేజీలో సంచీ చూడగానే మేడం లేచి నిలబడ్డారు. "పట్టావా? పాలేరు పట్టావా?" అని ఒక సీసా తీసి కిటికీ వెలుగుకు ఎత్తారు. ఆ ముఖంలో సంతోషం నేను ఇప్పటికీ మరచిపోలేదు. నోరు మూసుకుని ఉంటే చాలు అన్న ఆలోచన రాలేదని అనను. అంతలో ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఇవేంటి, అన్నీ నిండుగా ఉన్నాయి?"

"మా నాయనమ్మ నింపింది మేడం," అన్నాను.

నా జీవితంలో ఒక మనిషి ఎదుట అంతసేపు ఆగకుండా మాట్లాడింది అదే. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. చివరికి కుర్చీలో కూర్చుని, ఒక సీసా నా ముందుకు జరిపి, "ఇది వడగట్టు, తూద్దాం" అన్నారు. ఒక కాగితం చాలలేదు. ఆరబెట్టి తూస్తే, ఏ ఏరూ ఏ వరదలోనూ మోయలేనంత బరువు తూగింది. ఆ అంకెను ఎక్కడా రాసుకోలేదు.

పాలేరు ఆ ఏడు మళ్లీ పొంగలేదు. పని ముగిసింది. మిగిలిన సీసాల్లో ఒకదాన్ని వెంట తెచ్చుకుని, దసరా దాటాక మిల్లులో చేరాను. అక్కడి నుంచి మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు నాయనమ్మ నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా అడిగింది, "తూగిందా బిడ్డా?" అని. "అన్నిటికన్నా ఎక్కువ తూగింది నాయనమ్మా" అన్నాను. అది నిజమే కనుక ఆమె కళ్లలోకి చూసే అనగలిగాను. మరి మిల్లులో ఎందుకు చేరావని ఆమె అడగలేదు. ఆ వేసవిలోనే పోయింది.

ఇప్పుడు పాలేటి వంతెన మీద ఒక గుంజ పాతారు. దాని నెత్తిన సోలారు పలక, కింద నీళ్లవైపు చూసే పెట్టె. ఏరు ఎంత పొంగిందో అదే ఎక్కడో కూర్చున్నవాళ్లకు చెబుతుందట, మంచిదే, ఎవరూ అరచేతులు కోసుకోనక్కర లేదు, ఎవరినీ ఎవరూ ఏం పడ్డదని అడగరు. మా పల్లెకు డబ్బానీళ్ల ఆటో వస్తుంది. డబ్బాలో ఒక్క నలుసు కనిపించినా మా అమ్మ వాపసు ఇచ్చేస్తుంది. గొర్ల బాటలో ఉన్న చిల్లచెట్టును రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. ఆ గింజ పేరు చెబితే మా చిన్నాన్న పిల్లలు నా ముఖంలోకి చూస్తారు. ఏటి నీళ్లను ఇంటికి తెచ్చారంటే తాగడానికేనని అనుకునే మనిషి మా ఊళ్లో ఇక ఎవరూ మిగిలినట్టు లేదు.

సున్నం ఆరాక సీసాను మళ్లీ కిటికీలోనే పెట్టాను. తెల్లారేసరికి నీళ్లు తేరుకున్నాయి, అడుగున ఒక ముసలి అరచేతిలో పట్టేంత మట్టి. ఎన్నడూ లేనిది ఈసారి దాన్ని పరకాయించి చూశాను. మూత సందులోంచి ఇన్నేళ్లలో కొంచెం కొంచెంగా ఆవిరైపోయినట్టున్నాయి, అంచు దాకా ఉన్న నీళ్లు సీసా మెడ దాకా దిగాయి. వంతెన మీద నేను పట్టవలసిన మేరకు, సరిగ్గా అక్కడికే.